బయటి బల్ల

కొమురెల్లి నాలుక మీద ఆ యూనివర్సిటీకి ఉన్నంత నమ్మకం చాలామంది ప్రొఫెసర్ల తలకాయల మీద కూడా లేదు. ముప్ఫై నాలుగేళ్లుగా అతను హాస్టల్ మెస్‌లో వంటవాడు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం వంటవాడు కాడు, టెండర్ కమిటీ మెంబరు. ఆ రోజు గరిటె ముట్టుకోడు. ఇస్త్రీ చొక్కా వేసుకొని, తార్నాక గల్లీలోంచి బయటపడి, మెట్రో స్తంభాల కిందుగా రోడ్డు దాటి, క్యాంపస్‌లోని స్టోర్స్ బిల్డింగుకు నడుచుకుంటూ వస్తాడు. ముందురోజు నుంచే జర్దా మానేస్తాడు, పొద్దున చాయ్ కూడా తాగడు. "ఇయ్యాల నా నాలుక సర్కారుది" అంటాడు భార్యతో. ఆమె ప్రతి ఏడూ నవ్వుతుంది, ప్రతి ఏడూ ఒక్కతే చాయ్ తాగుతుంది.

సంగతేమిటంటే, హాస్టళ్లకు ఏడాదికి సరిపడా బియ్యం కొనడానికి అక్కడొక పద్ధతి ఉంది. టెండర్ వేసినవాళ్లంతా తలా రెండు కిలోల నమూనా పంపాలి. వాటికి పేర్లు తీసేసి నంబర్లు వేస్తారు. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితాన్ని కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసి, బీరువాలో దాచేస్తారు. ఒకే రకం గిన్నెల్లో, ఒకే కొలత నీళ్లతో వండుతారు. కమిటీ వాళ్లు ఒట్టి అన్నం తింటారు. ఉప్పు లేదు, పచ్చడి లేదు, మజ్జిగ చుక్క లేదు. తిని మార్కులు వేస్తారు. ఆ మార్కుల్లో గట్టెక్కినవాళ్ల ధరలే తర్వాత చూస్తారు, మిగతావాళ్లవి తెరవను కూడా తెరవరు. ఇప్పుడు ధరలు కంప్యూటర్లో వస్తున్నాయి గానీ, అన్నం ఇంకా పళ్లెంలోనే వస్తోంది.

ఈ పద్ధతి పెట్టింది బుచ్చిబాబు గారు. కాకినాడ వైపు మనిషి. ఉద్యోగానికి వచ్చి నల్లకుంటలో స్థిరపడ్డాడు, స్టోర్స్ సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. ఒకటి ఆఫీసుది, ఒకటి సొంతానిది. ఇంటికి ఉత్తరం రాయాలంటే రెండోది తీసేవాడు. జనం వెనకాల నవ్వుకునేవాళ్లు. ఇరవై నాలుగేళ్ల వయసులో మెస్‌లో కూరగాయలు తరుగుతూ కొమురెల్లీ నవ్వాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆయన వంటశాలకు వచ్చాడు. "ఏమోయ్, అన్నంలో ఏదో తేడాగా ఉందని పిల్లలు గొడవ పెడుతున్నారు. నీకేమనిపిస్తోంది?" అని అడిగాడు, వంటమాస్టర్ని వదిలేసి, కత్తిపీట ముందు కూర్చున్న ఇతన్ని.

"రెండు తీర్ల బియ్యం కలిసినయి సార్. ఒకటి కొత్తది, ఒకటి పాతది. కొత్తది ముందుగాల ఉడికిపోతది, పాతది పలుకు మీదుంటది."

గోదాము తెరిపించి చూస్తే బస్తాల్లో అదే ఉంది. ఆ మరుసటి ఏడు నుంచి కమిటీలో ఒక వంటమనిషి ఉండాలని రూలు రాయించి, ఆ కుర్చీలో కొమురెల్లిని కూర్చోబెట్టాడు బుచ్చిబాబు గారు. ఊళ్లో తల్లి లచ్చవ్వకు ఈ సంగతి చెబితే, "పంతుళ్ల పక్కపొంటి కుర్చేసిన్రా బిడ్డా?" అని ముక్కున వేలేసుకుంది. ఆ తర్వాత ఆరు నెలలు వాడకట్టులో ఎవరినీ వదల్లేదు, అందరికీ చెప్పుకుంది.

ఆయన పెట్టిన రూళ్లు ఇంకో రెండున్నాయి. మొదటిది, అన్నం రెండుసార్లు తినాలి. పదకొండింటికి వేడిగా, మళ్లీ రెండున్నరకు చల్లారాక. "వేడన్నం ఎవరిదైనా బాగానే ఉంటుందండీ. ల్యాబులో ఆలస్యమై వచ్చిన పిల్లాడు తినేది ఎలా ఉందో చూడండి" అనేవాడు. రెండోది, బల్ల.

స్టోర్స్ వరండాలో గోడకు ఆనించి పాత టేకు బల్ల ఒకటుంది. టెండర్ వేసినవాళ్లలో తన చుట్టం గానీ స్నేహితుడు గానీ ఉంటే, ఆ కమిటీ మెంబరు లోపల కూర్చోకూడదు, పోయి బల్ల మీద కూర్చోవాలి. అదేం శిక్ష కాదు, అవమానమూ కాదు. ఒక ఏడాది బుచ్చిబాబు గారే కూర్చున్నాడు. వియ్యంకుడి తరఫు వాళ్లెవరో టెండర్ వేశారట. ఫ్యాన్ లేని వరండాలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పేపరు చదువుతూ గడిపేశాడు. కొమురెల్లి మంచినీళ్లు తెచ్చిచ్చి, "లోపల కూసుంటే మిమ్ముల ఎవరన్నా ఏమన్నా అంటరా సార్?" అన్నాడు.

"ఎవరూ అనరోయ్. అదే కదా ఇబ్బంది" అన్నాడాయన, పేపరులోంచి తల ఎత్తకుండా. కొమురెల్లికి ఆ మాట అప్పుడు అర్థం కాలేదు, కానీ మర్చిపోనూ లేదు.

ఆయన పోయి పదకొండేళ్లయింది. బల్ల ఉంది. ఇప్పుడు కొనుగోళ్లు చూసే డిప్యూటీ రిజిస్ట్రార్ శ్రీలలిత, టెండర్ రోజు కమిటీని కూర్చోబెట్టి మొదట అడిగే మాట ఒకటే: "బల్ల మీద కూర్చునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఈ ఏడు ఆమె ఆ మాట అడిగినప్పుడు కొమురెల్లి కిటికీలోంచి బయటికి చూశాడు.

నాలుగు రోజుల కింద తమ్ముడు పరుశురాం వచ్చి పోయాడు. జనగామ అవతల ఊరు వాళ్లది. అన్న పట్నం పట్టుకున్నాడు, తమ్ముడు పొలం పట్టుకున్నాడు. తార్నాకలో అన్న ఇంట్లో చాప మీద కూర్చొని, చాయ్ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ చెప్పాడు. "అన్నా, మా రైతు సంఘం దిక్కెల్లి మీ హాస్టల్ బియ్యం టెండర్ ఏసినం. ఇరవై రెండిండ్లోళ్లం ఉన్నం. ఇన్నేండ్లు మిల్లోడు ఎంతకడిగితే గంతకే ఇచ్చినం. గిది అస్తే సంఘం నిలవడ్తది. రాకుంటే ఈ ఏటితోని బంద్. అందర్ని ఒప్పిచ్చింది నేనే."

కొమురెల్లి జర్దా డబ్బా తీసి మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"నేను నిన్నేం అడుగుతలేను. మన పొలం బియ్యమే. గంతే చెప్పుడు" అని తమ్ముడు లేచాడు.

అప్పుడే చెప్పాల్సింది, నువ్వు టెండర్ వేసినవు కాబట్టి నేను బయట కూసుంట అని. తమ్ముడి ముఖం చూసి చెప్పలేకపోయాడు. ఆ తర్వాత మంచి సాకు ఒకటి దొరికింది. పళ్లాలకు పేర్లుండవు. ఏది ఎవరిదో తెలియనప్పుడు ఇంక పక్షపాతం ఎక్కడిది? నాలుకకు చుట్టాలుంటారా? ఎటు తిప్పి చూసినా వంక లేని సాకు. అంత వంక లేని సాకు దొరికినందుకే అతను అనుమానపడాల్సింది గానీ, మనసు చల్లబడి హాయిగా నిద్రపోయాడు.

పదకొండింటికి ఆరు పళ్లాలు వచ్చాయి. వండింది ఈరమ్మ. సంచుల మీది నంబర్లు తప్ప ఆమెకేమీ తెలియదు. లోపలి టేబుల్‌కు ఒక చివర చీఫ్ వార్డెన్ ప్రొఫెసర్ శశిభూషణ్, ఇద్దరు లెక్చరర్లు, పిల్లల తరఫున ఎం.ఎస్సీ. చదివే సింధూజ, ఈ చివర కొమురెల్లి. శ్రీలలిత తినదు, కాపలా కాస్తుంది.

ఒకటో పళ్లెం ఫరవాలేదు. రెండోది ముక్కిన వాసన. మూడో పళ్లెంలోంచి పిడికెడు తీసి నోట్లో పెట్టుకున్నాడు.

ముందు ఏమీ అనిపించలేదు. నమిలాడు. ఇంకా నమిలాడు. చివర్న, మింగేముందు, సన్నగా తియ్యదనం తగిలింది. ఒక్కసారిగా లచ్చవ్వ కళ్ల ముందుకొచ్చింది. వడ్లు గుమ్మిలో పోసి ఏడాది ముట్టనిచ్చేది కాదు ఆమె. "కొత్త బియ్యం కడుపుకు పడయి" అనేది. పాతబడ్డాకే మర పట్టించి, గంజి వార్చి వండేది. కూర లేని రోజులు చాలా ఉండేవి ఆ ఇంట్లో. బడి నుంచి ఉరికి వస్తే చిప్పలో ఒట్టి అన్నం పెట్టి, "మెల్లగ నములు, తియ్యగైతది" అని పక్కన కూర్చునేది. అది ఆకలిని మభ్యపెట్టే మాటని పెద్దయ్యాక తెలిసింది. కానీ అబద్ధం కాదు, నమిలితే నిజంగానే తియ్యగయ్యేది. తెల్లహంస బియ్యం. ఆమె పోయాక మళ్లీ ఆ రుచి తన నోటికి తగల్లేదు. ఇప్పుడు తగిలింది. తల్లి మీద దిగులుతో ఆ ముద్దనే చాలాసేపు నములుతూ కూర్చున్నాడు.

"అంకుల్, కండ్లల్ల నీళ్లేంది?" అంది సింధూజ మెల్లగా.

"వేడున్నదమ్మా."

ముప్ఫై ఏళ్లలో ఎవరికీ ఎనిమిది దాటి వేయనివాడు, మూడో నంబరుకు పదికి పది వేశాడు. నాలుగోదానికి ఆరు. ఐదోది జిగురు, ముద్ద ముద్దగా పళ్లకు అంటుకుంది. మూడు వేసి, పక్కన తన వంకర రాతలో "చల్లారితే గట్టిపడుతది, పిల్లలకు వద్దు" అని రాశాడు. ఆరోది సరేననిపించింది. శ్రీలలిత కాగితాలు తీసుకొని బీరువాలో పెట్టి తాళం వేసింది.

మళ్లీ రెండున్నర దాకా ఖాళీ. మామూలుగా అయితే బల్ల మీదే కాసేపు నడుం వాల్చేవాడు. ఇవాళ దానికి దూరంగా, చుట్టూ తిరిగి మెట్లు దిగాడు. చెట్ల కింద అడిక్‌మెట్ గేటు దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు. హాస్టల్ గదుల నుంచి పిల్లలు బ్యాగులు వేసుకొని వస్తున్నారు. నలుగురైదుగురు "నమస్తే కొమురెల్లన్నా" అన్నారు. బదులు చెప్పాడో లేదో అతనికే గుర్తు లేదు.

ఫోన్ మోగింది. పరుశురాం. "అన్నా, తార్నాక చౌరస్తల ఉన్న. మూడింటికి రమ్మన్నరు, అందరి ముందట కవర్ ఇప్పుతరంట. తిన్నవా?"

"తిన్న."

"ఎట్లున్నది?"

"అన్నం లెక్కనే ఉన్నది" అని పెట్టేశాడు.

పొద్దుటి సాకు చచ్చిపోయింది. పేరు లేని పళ్లెమని కదా లోపల కూర్చున్నాడు, ఇప్పుడు మూడో పళ్లానికి తమ్ముడి పేరుంది. లేచి చెబితే తన కాగితం కొట్టేస్తారు. కొట్టేస్తే మిగిలేదెవరు? శశిభూషణ్ సారు ఇంట్లో రెండు పూటలా చపాతీలు. లెక్చరర్లకు తెల్లగా మెరిస్తే చాలు. పాత బియ్యం విలువ తెలిసిన నాలుక ఒక్కటే ఉంది, అది బయటికి పోతే తమ్ముడి బియ్యం గతేమిటి? ఇరవై రెండు ఇళ్లవాళ్ల ముందు వాడి తల ఏమవుతుంది? అయినా పది వేసింది అబద్ధమా? పిల్లలకు అంతకంటే మంచి అన్నం దొరుకుతుందా? నోరు మూసుకుంటే ఎవరికీ అన్యాయం జరగదు, ఎవరూ ఏమీ అనరు.

ఎవరూ అనరు. పేపరు చాటున బుచ్చిబాబు గారి గొంతు ఎంత స్పష్టంగా వినిపించిందంటే, కొమురెల్లి వెనక్కి తిరిగి చూశాడు. ఆయన మీద కోపం కూడా వచ్చింది. కత్తిపీట దగ్గర కూర్చున్నవాణ్ని అలాగే వదిలేస్తే ఈ బాధ ఉండేది కాదు కదా అనుకున్నాడు.

రెండున్నరకు చల్లారిన పళ్లాలు వచ్చాయి. అందరూ కూర్చున్నారు. కొమురెల్లి కూర్చోలేదు.

"మేడం, నేను బల్ల మీద కూసుంట."

శ్రీలలిత కళ్లద్దాలు తీసింది. "పొద్దున అడిగాను కదా కొమురెల్లి గారూ?"

"అడిగిన్రు. నేనే చెప్పలే. తప్పు నాదే. మా తమ్ముడు టెండర్ ఏసిండు. పేర్లుండయి గదా, ఏమైతది అనుకున్న. కని మూడో పళ్లెం మావోళ్లదని తిన్నంక ఎర్కయింది. మా అమ్మ వండిన బియ్యం అది."

"మీ మీద మాకు నమ్మకం ఉంది కొమురెల్లీ, కూర్చోండి ఫరవాలేదు" అన్నాడు శశిభూషణ్ సారు.

"నమ్మకం నాకూ ఉంది సార్" అంది శ్రీలలిత. "కానీ ఈయన నంబరు కూడా పైకి చెప్పేశారు. ఇప్పుడు మూడో పళ్లెం మీరెలా తింటారు?" ఆమె గొంతులో విసుగు దాగలేదు. అందరినీ అయిదు నిమిషాలు బయటికి పంపి, తలుపేసుకొని, చల్లారిన పళ్లాలకు తానొక్కతే కొత్త నంబర్లు మార్చి రాసుకుంది. పొద్దుటి కాగితాల్లోంచి కొమురెల్లిది తీసి, అడ్డంగా రెండు గీతలు కొట్టి, టైము వేసి, కారణం రాసి, అతని చేత సంతకం పెట్టించింది. ముప్ఫై ఏళ్లలో అతని కాగితం మీద గీత పడడం అదే మొదలు.

బల్ల ఎండకు వెచ్చగా ఉంది. బుచ్చిబాబు గారు కూర్చున్న మూల నున్నగా అరిగి ఉంది. కొమురెల్లి ఆ మూలకు కూర్చోకుండా ఇవతలికి కూర్చున్నాడు.

మూడింటికి పరుశురాం వచ్చాడు. తెల్ల అంగీ, చంకలో ఫైలు. అన్నను చూసి ఆగిపోయాడు. "బయట కూసున్నవేందే?"

"లోపట మన బియ్యం ఉన్నది. నేను ఉండొద్దు."

పరుశురాంకు అర్థమయ్యేసరికి ముఖం మాడిపోయింది. "చెప్పినవా? ఎందుకు చెప్పినవే? నేను నిన్నేమన్న అడిగిన్నా?"

"అడగలే. తిన్నంక ఎర్కపట్టిన. ఇగ కూసోబుద్ధి కాలే."

"ఎర్కపట్టినవా?" ఆ కోపంలోనే తమ్ముడి కళ్లు మెరిశాయి. "నిజంగ? నోట్ల పెట్టంగనే?"

"మెల్లగ నమిలినంక. పదికి పది ఏసిన. కొట్టేసిన్రు."

పది పోయినందుకు ఏడవాలో, పడినందుకు నవ్వాలో తెలియక పరుశురాం కాసేపు అలాగే నిలబడ్డాడు. ఇంతలో లోపలికి పిలిచారు. టెండర్ వేసినవాళ్లంతా వెళ్లారు. కిటికీ తెరిచే ఉంది. లక్క పగిలిన చప్పుడు కొమురెల్లికి వినిపించింది. శ్రీలలిత పొద్దుటి నంబర్ల వరసలో ఒక్కో పేరూ చదివింది. మూడు, మెట్‌పల్లి వైపు మహిళా సంఘం.

కొమురెల్లి తప్పు విన్నాననుకొని లేచి నిలబడ్డాడు. నాలుగు, ఎవరో వ్యాపారి. ఐదు, జనగామ రైతు సంఘం.

అతను మెల్లగా మళ్లీ కూర్చున్నాడు.

మార్కుల కాగితాలన్నీ వరండా గోడకు అంటించాలి. కొట్టేసినవి కూడా అంటించాలి, అదీ బుచ్చిబాబు గారి రూలే. రెండూ ఐదూ తప్ప మిగతా నాలుగు నంబర్లూ గట్టెక్కాయి. పరుశురాం ఒక్కో కాగితమూ చదువుకుంటూ వచ్చి, చివరిదాని ముందు ఆగాడు. రెండు గీతల కింద అన్న వంకర రాత స్పష్టంగానే కనిపిస్తోంది. చదివాక వచ్చి బల్ల మీద, ఆ నున్నటి మూలకు కూర్చున్నాడు.



"నాది అనుకోని ఇంకొగలదానికి లేసి బయటికచ్చినవా?" అన్నాడు పరుశురాం.

"ఊఁ."

"నాదానికేమో 'పిల్లలకు వద్దు' అని రాసినవ్."

"నీదని నాకేం ఎర్క? అమ్మ వండిన బియ్యం అనుకున్న. మన పొలం బియ్యమే అంటివి గదా."

"మన పొలమే. బియ్యం గవి గావు. గా ఇత్తులు బందు పెట్టి పదేండ్లయింది. మిల్లోడు కొనకపాయె. గిప్పుడు ఎక్కువ పండేటియే ఏస్తున్నం. ఏడాది గుమ్మిల ఎవలు ఆపుతున్నరే? కోసిన నెలకే అమ్ముడు."

"పదేండ్లా? నాకు చెప్పకపోతివి?"

"ఏటా దసరకు అచ్చి తింటివి గదా" అన్నాడు పరుశురాం. గొంతులో నిష్ఠూరం లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. "కోడికూర కలుపుకోని తింటివి. 'మన పొలం అన్నమంటే అన్నమే తమ్మీ' అంటివి. ఒట్టిది ఎన్నడన్న తిన్నవా మా ఇంట్ల? నీకు ఎర్కలేదా అనుకున్న. ఎర్కుండి ఊకున్నవేమో అనుకున్న."

యూనివర్సిటీ అంతా మొక్కే నాలుక అది. పదేళ్లు తమ్ముడి ఇంట్లో కూర్చొని, పళ్లెంలో లేని రుచిని మెచ్చుకుంటూ తిన్నది. కొమురెల్లికి సిగ్గు ముంచుకొచ్చింది. పొద్దున దాచిపెట్టినందుకు కలిగిన సిగ్గు దీని ముందు ఏపాటిది?

ఈరమ్మ మిగిలిన అన్నం గిన్నెలతోనే తెచ్చి వరండాలో పెట్టింది. టెండర్ అన్నం పారేయరు, పనివాళ్లు పంచుకుంటారు. "ఈరమ్మా, పొద్దటి మూడో గిన్నెది ఏదో ఎర్కనా?" అని అడిగాడు కొమురెల్లి. గిన్నెకు సొట్ట ఉందట, ఆమెకు గుర్తే. అందులోంచి ఒక పళ్లెంలో పెట్టి ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంచింది.

పరుశురాం పిడికెడు తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నమలడం మెల్లగా ఆగిపోయింది. ముఖం అటు తిప్పుకున్నాడు.

"తియ్యగైతున్నది" అన్నాడు కాసేపటికి.

"ఊఁ. మెల్లగ నములు."

చల్లారిన అన్నం పొడిపొడిగానే ఉంది. ఇద్దరూ పళ్లెం ఖాళీ చేశారు. లోపల ధరల పని మొదలైంది. ఆ మహిళా సంఘం తరఫున వచ్చినామె మెట్ల మీద కూర్చొని సద్ది విప్పుకుంటోంది. పరుశురాం చెయ్యి కడుక్కొని ఆమె దగ్గరికి పోయాడు. గట్ల గురించి, నీళ్ల గురించి ఏదో మాట్లాడాడు. ఆమె చేత్తో మొక్క ఎత్తు చూపించింది. అతను ఫైలు వెనక ఫోన్ నంబరు రాసుకొని వచ్చాడు.

"ఇత్తులు ఇస్తరంట. వానాకాలానికి రెండెకరాలు ఏసి సూస్త. మిగిలినోళ్లు ఇంటరో ఇనరో."

"సంఘం?"

"ఏమైతదో సూడాలె." అన్న వైపు చూడకుండానే అన్నాడు. "పండితే, ఏడాది గుమ్మిల ఆపి, మళ్ల టెండర్ ఏస్త."

"ఏస్తే ముందుగాలనే ఫోన్ చెయ్యి" అన్నాడు కొమురెల్లి. "ఆనాడు పొద్దుగాల్నే చాయ్ తాగి అచ్చి, గీడ కూసుంట."